ఇంటిపేరుకు కాలమ్ లేని పాస్: కోల్‌కతాలో ఓడెక్కినవారి వారసులకు డీఎన్‌ఏ ఏం చెప్పగలదు?

కోల్‌కతాలోని గార్డెన్‌రీచ్ ప్రాంతంలో, హుగ్లీ నది ఒడ్డున సురినామ్ ఘాట్ అనే చిన్న రేవు ఉంది. అక్కడ మూట పట్టుకుని నిలబడ్డ ఒక జంట విగ్రహం కనిపిస్తుంది. దాని పేరు 'మాయి-బాప్', అంటే అమ్మానాన్న. 2015 అక్టోబరులో అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ దీన్ని ఆవిష్కరించారు. 1873 ఫిబ్రవరి 26న 'లల్లా రూఖ్' అనే ఓడ సుమారు 400 మంది కూలీలతో కలకత్తా నుంచి బయలుదేరి, జూన్ 5న దక్షిణ అమెరికాలోని సురినామ్ చేరింది. తర్వాత నాలుగు దశాబ్దాల్లో ఆ ఒక్క దేశానికే 34 వేల మందికి పైగా వెళ్లారు.

గయానాకు సుమారు 2.39 లక్షలు, ట్రినిడాడ్‌కు 1.44 లక్షలు, ఫిజీకి 60 వేలు, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1.52 లక్షలు, మారిషస్‌కు ఏకంగా 4.5 లక్షల మంది. చెరకు తోటల్లో ఐదేళ్లు పనిచేస్తామని ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్లినవారు వీరంతా. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కారు. తెలుగువారు మాత్రం ప్రధానంగా మద్రాసు నుంచి, అంతకుముందు కోరంగి, విశాఖపట్నం రేవుల నుంచి వెళ్లారు. మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం 'కోరింగీలు' అన్నది అందుకే.

ఇప్పుడు వారి ఐదో, ఆరో తరం మనవలు ఒక ప్లాస్టిక్ గొట్టంలో ఉమ్మి వేసి, పార్శిల్ చేసి, కొన్ని వారాల తర్వాత వచ్చే ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. మా ఊరు ఏది? మా వాళ్లెవరైనా ఇంకా అక్కడ ఉన్నారా? మా ఇంటిపేరు ఉన్నవారంతా మాకు చుట్టాలేనా?

మూడు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి. కానీ డీఎన్‌ఏ పరీక్ష వీటికి వేర్వేరు స్థాయిల్లో జవాబిస్తుంది. మూడోదాని విషయంలో, అంటే ఇంటిపేరు విషయంలో, భారత సంతతికి ఎదురయ్యే చిక్కు యూరోపియన్లకు ఎదురు కాదు.

తండ్రి ఎవరో తేల్చడం వేరు, వంశం తేల్చడం వేరు

డీఎన్‌ఏ పరీక్ష అంటే తెలుగు పాఠకులకు ముందు గుర్తొచ్చేది కోర్టు కేసులే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసిన ఎన్‌డీ తివారీ పితృత్వ వివాదాన్ని 2012లో తేల్చింది ఆ పరీక్షే. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ ఆ పరీక్ష చేసింది. అక్కడ ప్రశ్న చాలా చిన్నది: ఈయన కొడుకేనా, కాదా? ఇద్దరి నమూనాలూ చేతిలో ఉంటాయి, మధ్యలో ఒక్క తరమే. జవాబు దాదాపు అవును-కాదు అన్నట్టే వస్తుంది.

వంశం వెతకడంలో పోల్చడానికి అవతలి మనిషే ఉండడు. ఆయన 1880లలో ఓడెక్కాడు. ఊళ్లో ఆయన అన్నదమ్ముల సంతానం ఎవరో తెలియదు. తెలిసినా వారెవరూ పరీక్ష చేయించుకుని ఉండరు.

ఇలాంటి వెతుకులాటకు మూడు రకాల పరీక్షలు వాడతారు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. చాలా సమాజాల్లో ఇంటిపేరూ అదే దారిలో వస్తుంది కాబట్టి రెంటినీ కలిపి చూడొచ్చు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, కానీ తర్వాతి తరానికి దాన్ని కూతుళ్లే అందిస్తారు. మూడోది, మిగతా క్రోమోజోములన్నీ చూసే ఆటోసోమల్ పరీక్ష. ఎక్కువ కంపెనీలు అమ్మేది ఇదే. ఇద్దరు మనుషుల మధ్య ఎంత పొడవు డీఎన్‌ఏ ముక్కలు ఉమ్మడిగా ఉన్నాయో కొలిచి, వరసకు ఏమవుతారో అంచనా కడుతుంది.

ఇంటిపేరు, వై క్రోమోజోమ్ జంటగా నడుస్తాయా అన్నది బ్రిటన్‌లో బాగా పరిశోధించారు. లెస్టర్ యూనివర్సిటీకి చెందిన తూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ 2009లో 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది పురుషులను పరిశీలించారు. అటెన్‌బరో లాంటి అరుదైన ఇంటిపేరున్న వారిలో ఎక్కువమంది ఒకే పూర్వీకుడి సంతతి అని తేలింది. స్మిత్ లాంటి పేర్ల దగ్గర మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. స్మిత్ అంటే కమ్మరి. కమ్మరులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వారందరూ ఒకే తాతకు పుట్టలేదు.

తెలుగు ఇంటిపేరు నిజానికి ఈ పరీక్షకు సరిగ్గా సరిపోయేది

తెలుగువారి ఇంటిపేర్లు వేల సంఖ్యలో ఉన్నాయి. చాలావరకు అరుదైనవి. తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి. ఎక్కువ భాగం ఊరి పేర్ల నుంచి పుట్టినవే కాబట్టి, వంశం ఎక్కడిదో పేరులోనే ఒక ఆనవాలు ఉంటుంది. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం ఉంటే పెళ్లి చేసుకోరు. అంటే ఆ పేరున్నవారు తమను ఒకే మగ సంతతిగా భావించుకుంటారు. వై క్రోమోజోమ్ పరీక్ష కోరుకునేది ఇలాంటి పేర్లనే. ఉత్తరాదిలోని కుమార్, ప్రసాద్, సింగ్‌లతో పోలిస్తే ఇది ఎంతో మెరుగైన ఆధారం.

మినహాయింపులు లేకపోలేదు. దత్తత వెళ్లిన పిల్లవాడికి కొత్త ఇంటిపేరు వస్తుంది, వై క్రోమోజోమ్ పాతదే ఉంటుంది. కొత్తపల్లి లాంటి పేరున్న ఊళ్లు జిల్లాకు నాలుగైదు ఉంటాయి. ఆ ఊళ్ల నుంచి కదిలిన అన్ని కులాలవారూ తర్వాత 'కొత్తపల్లి' వారయ్యారు. వేర్వేరు కులాల్లో ఒకే ఇంటిపేరు కనిపిస్తే అది చుట్టరికానికి గుర్తు కాదు, ఊరి పేరు కలిసిందంతే.

అసలు చిక్కు ఇదేమీ కాదు. విదేశాలకు వెళ్లినవారు సరిగ్గా ఆ ఇంటిపేరునే పోగొట్టుకున్నారు.

ఓడెక్కే ముందు ప్రతి కూలీకీ ఒక ఎమిగ్రేషన్ పాస్ రాసేవారు. ఓడ పేరు, డిపో నంబరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, దగ్గరి బంధువు పేరు. ఇన్ని వివరాలు అడిగిన ఆ కాగితంలో ఇంటిపేరుకు కాలమ్ లేదు. ఆ ఫారం తయారుచేసినవారికి అది అవసరం అనిపించలేదు. తోటలో మనిషిని గుర్తించడానికి నంబరు ఉంది, పారిపోతే పట్టుకోవడానికి పుట్టుమచ్చ ఉంది.

అవతల దిగాక, ఒకటి రెండు తరాల తర్వాత అక్కడి చట్టాలకు, స్కూళ్లకు, చర్చిలకు 'సర్‌నేమ్' కావాల్సి వచ్చింది. అప్పుడు తాత పేరే ఇంటిపేరైంది. మారిషస్ తెలుగువారిలో అప్పాడు లాంటి ఇంటిపేర్లు ఇలా వచ్చినవే. ఎవరో ఒక అప్పడి మనవలు అప్పాడులయ్యారు. అప్పడి సొంత తమ్ముడు వేరే తోటలో పనిచేసి ఉంటే, అతడి మనవలు ఇంకో పేరుతో ఉంటారు. వై క్రోమోజోమ్ ఒకటే, ఇంటిపేర్లు రెండు.

దక్షిణాఫ్రికాలో దీనికి తలకిందులుగా జరిగింది. నాటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' 1860 నవంబరు 16న మద్రాసు నుంచి, రెండోది 'బెల్వెడేర్' అదే నెల 26న కలకత్తా నుంచి చేరాయి. ఆ తర్వాత వచ్చిన తెలుగువారిలో చాలామందికి 'నాయుడు', 'రెడ్డి' అన్న గౌరవపదాలే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. ఇవాళ డర్బన్‌లో నాయిడూలు వేల సంఖ్యలో ఉన్నారు. తెలుగు నేల మీద నాయుడు అన్నది కాపు, బలిజ, వెలమ, కమ్మ కుటుంబాలన్నిటిలోనూ వాడుకలో ఉన్న మాట. ఇద్దరు నాయిడూలు వై పరీక్ష చేయించుకుని కలవలేదని ఆశ్చర్యపోతే, ఇద్దరు స్మిత్‌లు కలవలేదని ఆశ్చర్యపోయినట్టే.

ఈ పోగొట్టుకోవడం అప్పటితో ఆగిపోయిందనుకోనక్కర్లేదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో, టిటాగఢ్ జూట్ మిల్లుల చుట్టూ తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది కూడా. బడి రిజిస్టర్లో అసలు ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, చివరనున్న 'రావు' సర్‌నేమ్ కాలమ్‌లోకి వెళ్తుంది. అమెరికా వీసా ఫారాల్లో జరిగేదీ అదే. నూరేళ్ల తర్వాత వీరి మనవలు కూడా 'రావు' అన్న పేరు పట్టుకుని వెతకాల్సి రావచ్చు.

ఆంగ్లో ఇండియన్లు: పేరు ఉంది, అమ్మ లేదు

కోల్‌కతాలో ఇంటిపేరు, డీఎన్‌ఏ చక్కగా కలిసి నడిచే సమాజం ఒకటుంది. ఆంగ్లో ఇండియన్లు. నిర్వచనం ప్రకారమే వీరి తండ్రి వైపు మూలపురుషుడు యూరోపియన్. ఇంటిపేరు ఆయనదే, వై క్రోమోజోమూ ఆయనదే. కలకత్తాలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, అంత్యక్రియల చర్చి రికార్డుల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంగ్లండ్‌లోనో స్కాట్లాండ్‌లోనో అదే ఇంటిపేరుతో ఉన్న మనిషి వై పరీక్షతో సరిపోలితే, రెండు దేశాల వంశవృక్షాలు కలిసిపోతాయి.

అయితే ఆ రికార్డుల్లో తల్లి పేరు చాలాచోట్ల ఉండదు. ఉన్నా బాప్తిస్మం నాడు పెట్టిన మేరీ, ఎలిజబెత్ లాంటి పేరే తప్ప ఆమె ఊరు, కన్నవారు ఎవరో రాయలేదు. కాగితం చెరిపేసిన ఆ మనిషి గురించి మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కటే ఏదైనా చెప్పగలదు. 2013లో బ్రిటన్ యువరాజు విలియం విషయంలో జరిగింది ఇదే. ఆయన తల్లి డయానా వంశంలో సూరత్‌కు చెందిన ఎలిజా కెవార్క్ అనే మహిళ ఉన్నారు. ఆమె ఆర్మేనియన్ అని కుటుంబం చెప్పుకునేది. ఆమె స్త్రీ సంతతికి చెందిన వారిని పరీక్షిస్తే, దక్షిణాసియాలో మాత్రమే కనిపించే అరుదైన మైటోకాండ్రియా రకం బయటపడింది. కాగితాల మీద ఆర్మేనియన్ అయిన ఆమెకు తల్లి వైపు మూలం భారతీయం.

పోర్చుగీసు పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. బెంగాల్‌లో డి'రోజారియో, గోమ్స్, డి'క్రూజ్ అన్న పేర్లున్న వారందరికీ పోర్చుగీసు పూర్వీకుడు ఉన్నాడని కాదు. మతం మారినప్పుడు బాప్తిస్మం ఇచ్చిన పాదిరి పేరో, జ్ఞానతండ్రి పేరో పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో.

ఒంటరిగా ఓడెక్కిన స్త్రీల విషయంలో ఇంటిపేరు అసలు పనికిరాదు. అమెరికాలో స్థిరపడ్డ గయానా సంతతి జర్నలిస్టు గైయుత్రా బహదూర్ ముత్తవ్వ సుజారియా 1903లో కలకత్తాలో 'క్లైడ్' అనే ఓడ ఎక్కారు. గర్భవతి, వెంట మగదిక్కు లేదు. బిడ్డ ఓడలోనే పుట్టింది. ఎమిగ్రేషన్ పాస్ ఆధారంగా ఆమె జాడ వెతుకుతూ బహదూర్ 2013లో 'కూలీ వుమన్' అనే పుస్తకం రాశారు. అప్పటి నిబంధనల ప్రకారం ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలను ఎక్కించాలి. వారిలో వితంతువులు, ఇల్లు వదిలి వచ్చినవారు చాలామంది. వారి కథ ఏ ఇంటిపేరు వెంటా రాదు.

మేనరికం లెక్కలు తప్పిస్తుంది

ఇక అందరూ కొనే ఆటోసోమల్ పరీక్ష సంగతి. ఐదు తరాలు వెనక్కి వెళ్తే ప్రతి మనిషికీ 32 మంది పూర్వీకులు ఉంటారు. ఓడెక్కిన ఆ ఒక్క తాత నుంచి మనకు వచ్చింది సగటున 3 శాతం డీఎన్‌ఏ. ఊళ్లో ఉండిపోయిన ఆయన అన్న మునిమనవళ్ల పిల్లలతో ఉమ్మడిగా ఉండేది ఇంకా చాలా తక్కువ. అంత దూరపు చుట్టాల్లో ఎక్కువమందితో పరీక్షకు దొరికే ముక్క ఒక్కటీ మిగలదు. బంధుత్వం నిజమే అయినా ఫలితం 'సంబంధం లేదు' అనే వస్తుంది.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా జరుగుతుంది, తెలుగువారిలో ఇదే ఎక్కువ ప్రమాదం. కంపెనీల అంచనా సూత్రాలు దూరపు వారిని పెళ్లాడే సమాజాల లెక్కల మీద తయారైనవి. మనదగ్గర కులంలోపలే పెళ్లిళ్లు, అందులోనూ మేనరికాలు, మేనమామ-మేనకోడలి పెళ్లిళ్లు తరతరాలుగా జరిగాయి. అలాంటి చోట ఇద్దరు మనుషులు ఒక దారిలో కాదు, పది దారుల్లో దూరపు చుట్టాలు. పది చిన్న ముక్కలు కలిసి కంప్యూటర్‌కు ఒక దగ్గరి బంధుత్వంలా కనిపిస్తాయి. 'మీ మూడో తరం కజిన్' అని వచ్చిన మనిషి, నిజానికి ఏడెనిమిది తరాల వెనక ఒకే కులంలో కలిసిన వాడు మాత్రమే కావచ్చు.

ఇది ఊహ కాదు. కోల్‌కతాకు 50 కిలోమీటర్ల దూరంలోని కళ్యాణిలో ఉన్న జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ శాస్త్రవేత్తలు పార్థ మజుందార్ బృందం 2016లో ఒక అధ్యయనం ప్రచురించింది. దేశంలోని పలు సమూహాల డీఎన్‌ఏను విశ్లేషించి, సుమారు 70 తరాల కిందట, అంటే గుప్తుల కాలంలో, సమూహాల మధ్య కలయిక ఉన్నట్టుండి తగ్గి, లోపలి పెళ్లిళ్లు బిగుసుకున్నాయని చెప్పింది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కె.తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో 263 దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాలు ఫిన్లాండ్ వాసులు, అష్కెనాజీ యూదుల కంటే కూడా తక్కువ మంది మూలపురుషుల నుంచి విస్తరించినవని తేలింది. తెలుగు నేల వైశ్యులు అందులో ఒకరు. వారిలో కొందరికి మత్తుమందు ఇచ్చాక కండరాలు చాలాసేపు పట్టు తప్పడానికి కారణమయ్యే ఎంజైమ్ లోపం ఎక్కువగా కనిపించడం వెనక ఉన్నదీ ఈ చరిత్రే. ఇలాంటి సమూహంలో డీఎన్‌ఏ 'మ్యాచ్' దొరకడం విశేషం కాదు, అది నిజంగా దగ్గరి చుట్టరికమేనా అన్నది తేల్చుకోవడమే కష్టం.

మరి ఊరు దొరికినవారికి ఎలా దొరికింది?

కాగితాలతో. 2012 జనవరిలో ట్రినిడాడ్ ప్రధాని కమలా ప్రసాద్ బిసేసర్ బిహార్‌లోని బక్సర్ జిల్లా భేలుపూర్ గ్రామానికి వచ్చారు. ఆమె ముత్తాత రామ్‌లఖన్ మిశ్రా 1889లో ఆ ఊరు వదిలి వెళ్లారు. గమనించాల్సింది పేర్లు: ప్రసాద్, బిసేసర్, మిశ్రా. ఆమె పేరును బట్టి వెతికితే ఏ కంప్యూటరూ భేలుపూర్ చేరేది కాదు. ఓడల జాబితా, పాస్, అందులోని ఠాణా, ఊరు పట్టుకుని వెళ్లారు కాబట్టే చేరారు.

ఈ కాగితాల విషయంలో ఒక చిత్రం ఉంది. మనుషులు వెళ్లింది కలకత్తా నుంచి అయినా, వారి పేర్ల జాబితాలు భద్రంగా మిగిలింది ఎక్కువగా వారు దిగిన చోట్లే. ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌లో కలకత్తా నుంచి వెళ్లిన 45 వేల పైచిలుకు, మద్రాసు నుంచి వెళ్లిన 15 వేల మంది పాస్‌లు ఉన్నాయి. సురినామ్ జాబితాను నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కొందరి ఫొటోలతో సహా.

కాగితాలు కూడా ఎప్పుడూ నిజమే చెప్పవు. డిపోలో కులం మార్చి చెప్పుకున్నవారు ఉన్నారు. మరీ పై కులం అంటే తోట పనికి పనికిరారని తిప్పి పంపేస్తారన్న భయంతో కిందికి మార్చుకున్నవారూ, కొత్త దేశంలో ఎవరు చూడొచ్చారని పైకి మార్చుకున్నవారూ ఉన్నారు. డీఎన్‌ఏతో ఆ తగువు తీర్చుకుందామని ఎవరైనా అనుకుంటే అదీ కుదరదు. కులానికి ప్రత్యేకమైన వై క్రోమోజోమ్ అంటూ ఏదీ లేదు. దక్షిణాదిలో తరచూ కనిపించే 'హెచ్', 'ఎల్' వంటి రకాలు వేల ఏళ్ల నాటివి, అన్ని కులాల్లోనూ ఉంటాయి. ఇక 'జహాజీ భాయి'ల సంగతి సరేసరి. ఒకే ఓడలో వెళ్లినవారు సొంత అన్నదమ్ముల్లా మెలిగారు, వారి పిల్లల మధ్య పెళ్లిళ్లు కూడా వద్దనుకున్నారు. మూడు తరాలుగా 'మా చిన్నతాత' అని చెప్పుకున్న మనిషితో డీఎన్‌ఏ కలవకపోతే, ఎవరో అబద్ధం చెప్పారని కాదు. ఆ చుట్టరికం హుగ్లీ మీద మొదలైంది.

కాబట్టి వరుస మారాలి. ముందు కిట్ కొని, తర్వాత ఊరు వెతకడం కాదు. ముందు పాస్, దాంతో ఊరు, ఊళ్లో పెద్దల నోటి నుంచి ఇంటిపేరు. ఆ తర్వాత ఆ ఇంటి మగ సంతతిలో ఒకరు, విదేశంలోని మగ సంతతిలో ఒకరు వై పరీక్ష చేయించుకుంటే, 111 గుర్తుల స్థాయిలో పోల్చినప్పుడు ఆ చుట్టరికం నిజమో కాదో దాదాపు తేలిపోతుంది. అప్పుడు డీఎన్‌ఏ ఒక ఊహను పరీక్షించే సాధనం అవుతుంది. ఆ పనిలో దానికి సాటి లేదు.

అవతలి ఊళ్లోవారు ఒప్పుకోవాలి కదా, అన్నది వేరే కథ. నూట నలభై ఏళ్ల తర్వాత విమానం దిగి వచ్చిన 'అన్నదమ్ముడు' పొలంలో వాటా అడుగుతాడేమోనన్న అనుమానం రావడం సహజం. తమ ఇంట్లోనే ఎవరికీ తెలియని నిజం బయటపడితే ఏమిటన్న భయమూ సహజమే. ఇచ్చిన నమూనా ఎక్కడికి పోతుందన్నది మూడో ప్రశ్న. ప్రపంచంలో అతిపెద్ద సంస్థల్లో ఒకటైన 23అండ్‌మీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం దొంగల పాలైంది. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఖాతాదారుల జన్యు సమాచారం కూడా వేలానికి వచ్చిన ఆస్తుల్లో భాగమైంది. చివరికి సంస్థ సహ వ్యవస్థాపకురాలు ఆన్ వోజిస్కీ ఏర్పాటు చేసిన లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఒక మనిషి ఇచ్చిన నమూనాలో ఆయన అన్నదమ్ములు, పిల్లల సమాచారమూ కొంత ఉంటుంది. వారిని ఎవరూ అడగలేదు.

ఊరు తెలియడం వల్ల ఇప్పుడు భావోద్వేగానికి మించిన ప్రయోజనం కూడా ఉంది. సురినామ్‌లోని భారత సంతతికి ఓసీఐ కార్డు అర్హతను నాలుగో తరం నుంచి ఆరో తరానికి పెంచుతున్నట్టు 2023 జూన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము పరమారిబోలో ప్రకటించారు. 2024 మార్చిలో మారిషస్ వారికి ఏడో తరం వరకు అవకాశం ఇచ్చారు. ఈ దరఖాస్తుకు కావాల్సింది పూర్వీకుడు భారత్ నుంచి వెళ్లినట్టు, తాము ఆయన సంతతి అన్నట్టు చూపే పత్రాలు. 'మీరు 62 శాతం దక్షిణ భారతీయులు' అని రంగురంగుల మ్యాప్‌తో వచ్చే ఈమెయిల్ వాటి స్థానంలో పనికిరాదు. మారిషస్, దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాలు ముందు అడగాల్సింది తాత వలస నంబరు. ఆ నంబరు మీద దొరికే కాగితంలో తండ్రి పేరు, జిల్లా, ఊరు ఉంటాయి. ఇంటిపేరు కోసం శ్రీకాకుళమో, విశాఖో, గోదావరి జిల్లాల్లోని ఆ ఊరో వెళ్లి అడగాల్సిందే.